ఘోస్ట్ ఆఫ్ సుషిమా: ఆగి ఆడితేనే చేతికొచ్చే ఆట

మంగోలు సేన మీద జిన్ సకాయి అనే సమురాయ్ పోరాడే వీడియో గేమ్ ఘోస్ట్ ఆఫ్ సుషిమా మొదలుపెట్టి నాలుగైదు గంటలకే పక్కన పడేసేవాళ్ల నోట రెండు ఫిర్యాదులు ఎక్కువగా వినిపిస్తాయి. "ఒకడ్ని కొడుతుంటే వెనకనుంచి ఇంకొకడు పొడిచేస్తున్నాడు" అనేది ఒకటి. "నక్కల వెంట పరిగెత్తడం తప్ప ఇందులో ఏముంది" అనేది రెండోది. బటన్లు దబదబా నొక్కేవాళ్లకి మొదటి ఇబ్బంది వస్తుంది. మ్యాప్‌లో కనబడిన ప్రతి గుర్తునీ వరసబెట్టి తుడిచేయాలనుకునేవాళ్లకి రెండోది వస్తుంది. ఈ ఆటలో వేగం కంటే ఓపిక ముఖ్యం. దెబ్బ మీదికి వచ్చేదాకా ఆగాలి, గాలి ఎటు వీస్తుందో చూసుకుని కదలాలి. అట్టా ఆడటం ఎట్టాగో, అంతకంటే ముందు నెల్లూరు, ఒంగోలు వైపు ఎండకీ కరెంటుకీ మిషన్ని ఎట్టా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ రాశాం.

ఏ కాపీ కొనాలి

సక్కర్ పంచ్ స్టూడియో చేసిన ఈ ఆట 2020 జులై 17న పీఎస్4కి వచ్చింది. ఇకీ ద్వీపం కథ కలిపిన డైరెక్టర్స్ కట్ 2021 ఆగస్టు 20న పీఎస్4, పీఎస్5లకు, 2024 మే 16న పీసీకి వచ్చింది. సెకండ్‌హ్యాండ్ డిస్క్ కొనేటప్పుడు అట్ట మీద డైరెక్టర్స్ కట్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఇకీ రాదు, తర్వాత డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో అప్‌గ్రేడ్ చేసుకోవాలి. పీఎస్5 డిస్క్ పీఎస్4లో ఆడదు. పీఎస్4 డిస్క్ మాత్రం డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5లో ఆడుతుంది. డిస్క్‌ని ఫోన్ టార్చి వెలుగులో అటూ ఇటూ వంచి చూడండి. సన్న గీతలతో భయం లేదు. గోరుకి తగిలేంత లోతు గీత ఉంటే మాత్రం తీసుకోవద్దు, సగం ఎక్కి ఆగిపోతుంది.

పీసీలో అయితే ఐ3 7100 లేదా రైజెన్ 3 1200 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 960 4 జీబీ కార్డు కనీసం ఉండాలి. దాంతో 720పీలో సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి, ఈ ఆట అందం అందులో సగం కూడా తెలియదు. 1080పీలో మీడియం సెట్టింగ్ మీద 60 ఫ్రేములు కావాలంటే ఆర్‌టీఎక్స్ 2060 స్థాయి కార్డు, 16 జీబీ ర్యామ్ పెట్టుకోండి. కథ ఆడటానికి ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అకౌంట్ అక్కర్లేదు. నలుగురు కలిసి ఆడే లెజెండ్స్‌కి మాత్రం కావాలి.

పీసీలో ఆట 75 జీబీ తింటుంది. ఎస్ఎస్‌డీలో కనీసం 100 జీబీ ఖాళీ పెట్టుకుని మొదలుపెట్టండి. 50 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్‌లో స్పీడు పూర్తిగా అందితే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది, 100 ఎంబీపీఎస్‌లో అందులో సగం. రోజుకి 2 జీబీ వచ్చే ఫోన్ డేటాతో దించాలంటే నెల దాటిపోతుంది, ఆ ఆలోచనే వద్దు. వీధిలో ఎవరి పీసీలోనైనా ఈ ఆట ముందే ఉంటే వాళ్ల పీసీని మీ రౌటర్‌కే కలపండి. రెండింట్లో స్టీమ్ తెరిచి సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేస్తే ఫైళ్లు పక్క పీసీ నుంచే వచ్చేస్తాయి. ఆట మీ అకౌంట్‌లో కొని ఉండాల్సిందే. ఇంటర్నెట్ మీద భారం మాత్రం దాదాపు పడదు.

ఎండ, దుమ్ము, కరెంటు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ల్యాప్‌టాప్ సంగతి చెప్పేదేముంది. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం గేమింగ్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటి అక్కడే నిలబడుతుంది. అప్పుడది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 60 ఫ్రేముల ఆట ఉన్నట్టుండి 35కి పడిపోతుంది. ఆట బాగాలేదని కొందరు తిట్టుకునేది ఇక్కడే. పరుపు మీద, ఒళ్లో పెట్టి ఆడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క బల్ల మీద పెట్టి, వెనక అంచు కింద రెండు అంగుళాల ఎత్తు ఇవ్వండి. సెట్టింగ్స్‌లో ఫ్రేముల పరిమితి 60కి, పాత మిషన్ అయితే 40కి కట్టేయండి. 80కీ 45కీ మధ్య ఊగే ఆట కంటే 40లో స్థిరంగా నడిచే ఆటలో కత్తి టైమింగ్ బాగా కుదురుతుంది.

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి ఫ్యాన్ రెక్కల మీద పేరుకుంటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి పోర్టులు, స్క్రూలు తుప్పు పడతాయి. రెండు మూడు నెలలకోసారి మిషన్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్యాన్ తిరగకుండా పుల్లతో ఆపి బ్లోయర్ కొట్టండి. ఫ్యాన్‌ని గాలికి తిరగనిస్తే బేరింగ్ పోతుంది. ఒడ్డు ఊళ్లలో ఆడనప్పుడు కన్సోల్ మీద గుడ్డ కప్పి ఉంచండి, ఆడేటప్పుడు మాత్రం తప్పకుండా తీసేయండి.

ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారే ఆ కాస్త వ్యవధి ఫ్యాన్లకీ లైట్లకీ తెలియదు కానీ పీసీ, కన్సోల్ రీస్టార్ట్ అయిపోతాయి. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అందులో పెడితే మారే వేగం పెరుగుతుంది. డెస్క్‌టాప్‌కి విడిగా యూపీఎస్ పెట్టడం ఇంకా నయం. 600 వీఏ యూపీఎస్ అంటే వాస్తవంగా 360 వాట్ల వరకే మోస్తుంది. ఆర్‌టీఎక్స్ 2060 పీసీ, మానిటర్ కలిపితే దానికి దగ్గరగా వెళతాయి, కాబట్టి 1000 వీఏ తీసుకోండి. ఆట తనంతట తాను సేవ్ అవుతుంది, అయినా పెద్ద టేల్ (ఆటలో ఒక కథాఘట్టం) అయిపోగానే మెనూలోకి వెళ్లి మాన్యువల్ సేవ్ కూడా పెట్టండి. సేవ్ రాస్తున్నప్పుడు కరెంటు పోతే ఆ ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. రెండో ఫైల్ ఉంటే దిగులు లేదు.

ఆడేముందు మార్చాల్సినవి

హాల్లో టీవీకి కలిపితే టీవీలో గేమ్ మోడ్ వేయండి. వేయకపోతే బొమ్మని మెరుగుపరిచే పనిలో టీవీ ఆలస్యం చేస్తుంది, మీరు సరైన సమయానికి నొక్కినా తెర మీద జిన్ కత్తి ఆలస్యంగా లేస్తుంది. ప్యారీ (దెబ్బని సమయానికి తిప్పికొట్టడం) కుదరడం లేదనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో శబ్దం కూడా ఆలస్యమవుతుంది. ఈ ఆటలో చెవి చాలా పని చేస్తుంది కాబట్టి వైరు ఉన్నవే పెట్టుకోండి. పీసీలో ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో కృత్రిమ ఫ్రేములు చేర్చే పద్ధతి) అంకెలు పెంచి చూపిస్తుంది గానీ బటన్‌కీ దెబ్బకీ మధ్య ఎడం పెంచుతుంది. అసలు ఫ్రేములు 60కి దగ్గరగా లేనప్పుడు దాన్ని ఆపేసి, చిన్న బొమ్మని పెద్దది చేసి చూపే డీఎల్ఎస్ఎస్ లేదా ఎఫ్ఎస్ఆర్ క్వాలిటీ మోడ్ వాడండి.

కీబోర్డు, మౌస్‌తో ఆడొచ్చు కానీ కంట్రోలర్ ఉంటే దాన్నే వాడండి. కింద చెప్పిన బటన్లన్నీ ప్లేస్టేషన్ కంట్రోలర్‌వి.

డిఫికల్టీ హార్డ్‌లో పెట్టమని మా సలహా. నార్మల్‌లో బటన్లు ఎడాపెడా నొక్కినా నెగ్గేయొచ్చు, అందుకే ఆట చేతికి పట్టుబడదు. చేయి తిరిగాక లెథల్‌కి మారండి. అందులో శత్రువు కత్తికీ మీ కత్తికీ పదును పెరుగుతుంది, ప్యారీ వ్యవధి తగ్గుతుంది. రెండు మూడు దెబ్బలకి అవతలివాడు పడిపోతాడు, మీరూ అంతే. డిఫికల్టీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి బెదరక్కర్లేదు.

భాష విషయానికొస్తే, పీఎస్4లో జపనీస్ ఆడియో పెడితే పెదాలు మాటలకి కలవవు, పీఎస్5 డైరెక్టర్స్ కట్‌లో కలుస్తాయి. సబ్‌టైటిల్స్ అక్షరాల సైజు పెంచుకోండి. కురొసావా మోడ్ అనే నలుపు తెలుపు పద్ధతి చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది కానీ మొదటిసారి అందులో ఆడొద్దు. శత్రువు ఆయుధం మీద మెరిసే రంగే ఇక్కడ ప్రాణం, నలుపు తెలుపులో ఆ తేడా పట్టుకోవడం కష్టం.

కత్తి పట్టడం

ఎల్1 పట్టుకుంటే బ్లాక్. చతురస్రం చిన్న దెబ్బ, త్రికోణం బరువు దెబ్బ, వృత్తం తప్పుకోవడం. ఇంతవరకు అందరికీ తెలుస్తుంది. ఎల్1ని పట్టుకుని కూర్చోవడం వేరు, దెబ్బ తగిలే క్షణానికి నొక్కడం వేరు. పట్టుకుంటే మామూలు దెబ్బలు ఆగుతాయి, అంతే. సమయానికి నొక్కితే శత్రువు తూలిపోతాడు, ఎదురుదెబ్బకి దారి దొరుకుతుంది, రిజాల్వ్ కూడా పెరుగుతుంది. రిజాల్వ్ అంటే తెర కింద ఎడమవైపు కనిపించే పసుపు చుక్కలు. డీ-ప్యాడ్ కింది బటన్ నొక్కితే ఆ చుక్కలు ఖర్చయి గాయం మానుతుంది. అంటే ఇక్కడ మందు జేబులో ఉండదు, మీ కత్తిపని మీద ఆధారపడి ఉంటుంది. పారిపోయి దాక్కున్నంత మాత్రాన ప్రాణం నిండదు.

శత్రువు ఆయుధం మీద మెరుపు చూడండి. నీలం మెరిస్తే పట్టుకున్న బ్లాక్ ఆ దెబ్బని ఆపలేదు. అన్‌యీల్డింగ్ స్వోర్డ్ ప్యారీ అనే నైపుణ్యం తీసుకున్నాక ఆ దెబ్బని కూడా ఎల్1తో తిప్పికొట్టొచ్చు. అందుకే మొదటి టెక్నిక్ పాయింట్లు దానికే పెట్టండి. ఎరుపు మెరిస్తే ఏ నైపుణ్యమూ పనిచేయదు, వృత్తం నొక్కి తప్పుకోవడమే. చాలామంది మెరుపు చూడగానే నొక్కేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. మెరుపు హెచ్చరిక మాత్రమే. చెయ్యి కిందికి దిగడం మొదలయ్యాక నొక్కాలి. ఆట మొదలయ్యే ఇజుహారా ప్రాంతంలో ఒంటరిగా కాపలా కాసే ఒక్క సైనికుడి ముందు నిలబడి, అసలు కొట్టకుండా, పది దెబ్బలు తిప్పికొట్టేదాకా సాధన చేయండి. ఆ తర్వాత గుంపు కూడా ఒకడి తర్వాత ఒకడిగానే కనిపిస్తుంది.

స్టాన్స్‌లు, అంటే కత్తి పట్టే తీరులు, నాలుగు. ఆర్2 పట్టుకుని బటన్ నొక్కితే మారతాయి. స్టోన్ కత్తివాళ్లకి, వాటర్ డాలు పట్టినవాళ్లకి, విండ్ బల్లెంవాళ్లకి, మూన్ భారీ శరీరం ఉన్న బ్రూట్‌లకి. సరైన స్టాన్స్‌లో రెండు మూడు బరువు దెబ్బలేస్తే శత్రువు రక్షణ విరుగుతుంది, ఆ తర్వాత చిన్న దెబ్బలతో పని ముగించాలి. తప్పు స్టాన్స్‌లో డాలు మీద ఎంత బాదినా చేతులు నొప్పి తప్ప ఫలితం లేదు. మొదట ఉండేది స్టోన్ ఒక్కటే. మంగోల్ నాయకుల్ని చంపినా, పొదల్లోంచి గమ్మున గమనించినా మిగతావి తెరుచుకుంటాయి. చంపేముందు గమనిస్తే ఒకే శిబిరంలో రెండు పనులూ అవుతాయి. వాటర్ వీలైనంత త్వరగా తెచ్చుకోండి, తొలి అంకంలో డాళ్లే ఎక్కువ విసిగిస్తాయి.

విలుకాళ్లు బాణం వదిలేముందు గట్టిగా అరుస్తారు. ఆ అరుపు వినగానే పక్కకి దొర్లండి లేదా వాళ్లకీ మీకూ మధ్య ఇంకో శత్రువు ఉండేలా జరగండి. గుంపులో ముందు పడాల్సింది విలుకాళ్లే. ఆర్1తో విసిరే కునాయ్ (చిన్న విసురు కత్తి) ఒక్కసారికి ఇద్దరు ముగ్గుర్ని తూలిస్తుంది. చుట్టుముట్టినప్పుడు ఊపిరి తీసుకునే వ్యవధి అదే ఇస్తుంది.

స్టాండాఫ్ విషయం. శిబిరం ముందు నిలబడి డీ-ప్యాడ్ పైకి నొక్కితే జిన్ సవాలు విసురుతాడు. త్రికోణం నొక్కి పట్టుకోవాలి, శత్రువు నిజంగా మీదికి దూకినప్పుడు వదలాలి. వాళ్లు భుజం కదిపి, అడుగు ముందుకేసి మోసం చేస్తారు. మాటలు, మొహం పట్టించుకోవద్దు, పాదాల్ని చూడండి. రెండు పాదాలూ కదిలితేనే దూకుతున్నట్టు. ముందే వదిలితే ప్రాణం చివరంచుకి పోతుంది. నైపుణ్యాలు పెంచితే వరసగా ముగ్గుర్ని, రెండో అంకం మొదట్లో దొరికే సకాయి వంశ కవచంతో ఐదుగుర్ని కూల్చొచ్చు.

ద్వంద్వ యుద్ధాల్లో కునాయ్ లాంటివి పనిచేయవు. కత్తికి కత్తే. మొదటి నిమిషం కొట్టకుండా అవతలివాడి వరసల్ని మాత్రమే చూడండి. ప్రతివాడికీ మూడు నాలుగే ఉంటాయి. మొదట్లో ఈ ఆటలో లాక్ ఆన్ (కెమెరాని ఒకే శత్రువు మీద నిలపడం) లేదని అందరూ గొణిగారు, ఆ మాట న్యాయమే. 2021 అప్‌డేట్‌లో అది వచ్చింది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవచ్చు. ద్వంద్వంలో పెట్టుకోండి, గుంపులో తీసేయండి. ఒకడి మీదే కెమెరా కట్టేస్తే వెనకవాడు కనబడడు.

దొంగచాటు దాడుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కాపలావాళ్ల తెలివి అంతంతమాత్రమే. టచ్‌ప్యాడ్ నొక్కి చెవి రిక్కిస్తే గోడ అవతలివాళ్లు కనిపిస్తారు, కప్పు మీదనుంచి దిగితే చాలు.

గాలి వెంట

తెర మీద బాణం గుర్తు, చిన్న మ్యాప్ ఇందులో ఉండవు. టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే వెళ్లాల్సిన వైపు గాలి వీస్తుంది, గడ్డి వంగుతుంది, ఆకులు ఎగిరిపోతాయి. టచ్‌ప్యాడ్ లేని కంట్రోలర్ అయితే ఆ బటన్ ఏదో సెట్టింగ్స్‌లో ముందే చూసుకోండి. పదేపదే మ్యాప్ తెరిస్తే ఆట ముక్కలైపోతుంది. బయలుదేరేటప్పుడు ఒకసారి గుర్తు పెట్టుకుని, దారిలో గాలినీ పసుపు పిట్టనీ నమ్మండి. పిట్ట వచ్చి చుట్టూ తిరిగితే దాని వెంట వెళ్లండి, ఏదో ఒక చోటికి చేరుస్తుంది. పొగ లేచిన చోట మనుషులుంటారు. తెల్లని ఆవిరి అయితే వేడినీటి గుండం, నల్లటి పొగ అయితే మంగోలులు.

నక్క గుళ్లు 49, వేడినీటి గుండాలు 18, వెదురు నరికే చోట్లు 16, హైకూ (చిన్న జపనీస్ కవిత) చెప్పే చోట్లు 19 ఉన్నాయి. అన్నీ ఒకే విలువ కావు. గుండాల్లో ప్రాణం పెరుగుతుంది, వెదురు దగ్గర రిజాల్వ్ పెరుగుతుంది, నక్క గుళ్ల దగ్గర తాయెత్తుల స్థానాలు పెరుగుతాయి. ఇజుహారాలో దారిలో తగిలినంతవరకు గుండాలు, వెదురు వదలకండి. హైకూ ఇచ్చేది తలకట్టు మాత్రమే, మనసైతే కూర్చోండి. నక్కల్ని వరసగా పది చేస్తే ఎవరికైనా విసుగొస్తుంది, ఈ ఫిర్యాదులో నిజం ఉంది. రెండు టేల్స్‌కి మధ్య ఒక నక్క చాలు.

కాలాన్ని పెట్టాల్సింది జిన్ తోడుగా నిలిచే మసాకో, ఇషికావా, నోరియో, యునాల కథల మీద. ముఖ్య కథ కంటే మసాకో అడాచి పగ కథే బాగుంటుందని మేమంటాం. అవి అంకం వారీగా తెరుచుకుంటాయి. ఇజుహారాలో తెరుచుకున్నవన్నీ పూర్తిచేశాకే, మొదటి అంకం ముగిసే కనేడా కోట మీదికి వెళ్లండి. పురాణగాథల టేల్స్‌లో హెవెన్లీ స్ట్రైక్ అనే ప్రత్యేక కత్తిదెబ్బని మొదటి అంకంలోనే తెచ్చుకోండి, ఒక రిజాల్వ్‌తో బ్రూట్‌ని కూడా కుదిపేస్తుంది. రెండో అంకం మధ్యలో కథ కాస్త నెమ్మదిస్తుంది. ఇకీకి వెళ్లడానికి అదే మంచి సమయం. అక్కడ మంత్రం చదివే షామన్లు మిగతావాళ్లకి బలమిస్తారు, ఎవరినీ ముట్టకుండా ముందు వాళ్లనే పడగొట్టండి. అక్కడి శత్రువులు యుద్ధం మధ్యలో ఆయుధం మారుస్తారు కాబట్టి స్టాన్స్ మార్చడం వేళ్లకి అలవాటయ్యాకే పడవెక్కండి.

ఇందులో చరిత్ర ఎంత

1274 నవంబరులో కుబ్లాయ్ ఖాన్ పంపిన సేన సుషిమాలో కొమోడా తీరాన దిగింది. ఎదురునిలిచిన సో సుకెకునితో ఉన్నది 80 మంది గుర్రపు యోధులేనని జపాన్ వృత్తాంతాలు చెబుతాయి. ఆట తొలి దృశ్యంలోని 80 మంది అక్కడినుంచి వచ్చినవాళ్లే. సేన సుషిమాని తొక్కేసి కొద్ది రోజుల్లోనే ఇకీకి, అక్కడినుంచి క్యుషు ద్వీపంలోని హకాటాకి సాగింది. నెలల తరబడి సాగే ప్రతిఘటన, జిన్ సకాయి, ఆటలో మంగోలు సేనాని ఖోటున్ ఖాన్ అన్నీ కల్పన. హైకూ అనే కవితారూపం దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాతిది, కవచాల్లో చాలావరకు తర్వాతి కాలానివే. ఇవి తెలిసి ఆడితే ఆనందం తగ్గదు, పైగా ఎక్కడ ఏది కలిపారో పోల్చుకోవచ్చు.

అదే 1274లో ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతోంది. కుబ్లాయ్ కొలువులో ఉండి తిరుగు ప్రయాణంలో మన తీరం గురించి రాసిన మార్కో పోలో ముట్ఫిలి అన్న రేవు మోటుపల్లేనని చరిత్రకారులు చెబుతారు. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన ఊరది. ఆ రేవుని, ఆ రాణిని ఇంత శ్రద్ధగా చూపే ఆట ఒకటి రావాలని గట్టిగా కోరుకుంటున్నాం. సుషిమాకి జరిగిన మేలు చూడండి. 2020 సెప్టెంబరు తుపానుకి అక్కడి వతత్సుమి ఆలయ తోరణం కూలితే, చందాల పిలుపుకి ఈ ఆట ఆడినవాళ్లు కదిలారు. అడిగినదానికి ఐదు రెట్లకు పైగా వచ్చింది.

ముగింపుకి ముందు

ముఖ్య కథ పాతిక గంటల దాకా, అన్నీ చేస్తే అరవై గంటల దాకా పడుతుంది. చివరి టేల్‌లో ఒక నిర్ణయం మీ చేతిలో పెడతారు, రెండు వైపులా చూడదగ్గవే. ఆ టేల్ మొదలుపెట్టేముందు విడిగా మాన్యువల్ సేవ్ ఒకటి పెట్టండి. అది లేకపోతే రెండో ముగింపు చూడటానికి న్యూ గేమ్ ప్లస్‌లో మొత్తం కథ మళ్లీ ఆడాలి. ఉంటే మాత్రం మొదటి ముగింపు పేర్లు పడ్డాక ఆ సేవ్ తెరిస్తే సరిపోతుంది.